2014 నాటి షాంపేన్ అటక మీద ఉంది: తాగొచ్చా, పారేయాలా?

సీతాఫల్‌మండి_శ్రీధర్
మా గృహప్రవేశానికి 2014లో బావగారు ప్యారిస్ నుంచి ఒక షాంపేన్ సీసా తెచ్చారు. ఆ రోజు ఇంట్లో వ్రతం, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు. సీసా బయటికి తీసే పరిస్థితే లేదు. తర్వాత చూద్దాంలే అని అట్టపెట్టెతో సహా బెడ్‌రూమ్ అటక మీద పెట్టేశాం. మొన్న పాత పరుపులు దించుతుంటే కనిపించింది. వచ్చే నెల అక్కాబావల పాతికేళ్ళ పెళ్ళిరోజు, వాళ్ళ ముందే తీద్దామని నా కోరిక.

ఇంట్లో రెండు వర్గాలు అయిపోయాయి. బావగారేమో "పాతబడేకొద్దీ దాని విలువ పెరుగుతుంది, ఇంకా దాచు" అంటున్నారు. మా ఆవిడేమో "అందరికీ కడుపులో తిప్పితే నేను చూడలేను, సింకులో పొయ్యండి" అంటోంది. సీసా మీద బ్రూట్ (తీపి బాగా తక్కువ ఉండే రకం) అని ఉంది. తయారైన సంవత్సరం లేదు, ఎక్స్‌పైరీ డేటు అసలే లేదు. ముదురు ఆకుపచ్చ సీసా, రేకు చెక్కుచెదరలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి: ఒంటికి ప్రమాదమా? ప్రమాదం కాకపోతే తాగేలా అయినా ఉంటుందా?

గోల్డ్‌స్పాట్_గిరి
పారేయొద్దు!! ముందు ఆ మాట వదినగారికి చెప్పండి.

నిద్రలేని_నాని
మందు ఎంత పాతదైతే అంత మంచిది కదా. మా పెదనాన్న దగ్గర పాతికేళ్ళ నాటి స్కాచ్ ఉంది, ముట్టుకోనివ్వడు.

బార్‌వెనక_భాను
నానీ, స్కాచ్ లెక్క వేరు. అది పీపాలో ఉన్నంతకాలమే ముదురుతుంది. సీసాలోకి వచ్చాక 12 ఏళ్ళది 12 ఏళ్ళదిగానే ఉంటుంది, మీ పెదనాన్న ఎంతకాలం దాచినా సరే. ఆల్కహాల్ 40 శాతం పైన కాబట్టి పాడూ కాదు. షాంపేన్ 12 శాతం. అది సీసాలో ఉన్నన్నాళ్ళూ మారుతూనే ఉంటుంది. మంచికైనా, చెడుకైనా.

శ్రీధర్ గారూ, నేను చాలాకాలం హోటల్ బార్‌లో వైన్ల బాధ్యత చూశాను. కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

షాంపేన్‌కి వయసు రెండు చోట్ల వస్తుంది. ఒకటి ఫ్రాన్స్‌లో, రెయిమ్స్, ఎపెర్నే ఊళ్ళ కింద సున్నపురాయిలో తవ్విన నేలమాళిగల్లో. రెండోది మన ఇంట్లో. మొదటి దాని గురించే గొప్పలన్నీ. అక్కడ వైన్‌కి చక్కెర, ఈస్టు కలిపి సీసాలో పోసి మూత వేస్తారు. చక్కెర లీటరుకు సుమారు 24 గ్రాములు. సీసాలోనే మళ్ళీ పులుస్తుంది. పుట్టిన గ్యాసుకు పోయే దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. లోపల ఒత్తిడి 6 అట్మాస్ఫియర్ల దాకా వెళ్తుంది. పని అయిపోయిన ఈస్టు చచ్చి అడుగున మడ్డిగా చేరుతుంది. ఆ కాల్చిన బ్రెడ్డు వాసన, ఆ వెన్నలాంటి నిండుదనం ఆ మడ్డి నుంచి వచ్చేవే. లేబుల్ మీద పంట సంవత్సరం వేయని మామూలు షాంపేన్ కనీసం 15 నెలలు అక్కడ సీసాలో ఉండాలని నియమం, అందులో 12 నెలలు మడ్డి మీద. సంవత్సరం వేసిన వింటేజ్ అయితే 3 ఏళ్ళు. పేరున్న కంపెనీలు అంతకంటే ఎక్కువే ఉంచుతాయి.

ఆ తర్వాత మడ్డి తీసేసి, కొంచెం తీపి కలిపి, కార్కు బిగించి, ఇనుప తీగ చుట్టి అమ్మకానికి పంపుతారు. ఆ మడ్డి ఉన్నంతకాలం లోపలికి వచ్చే ఆక్సిజన్‌ని అదే పీల్చుకుని వైన్‌ని కాపాడింది. అది పోయాక కాపలా పోయినట్టే. కార్కు గుండా గాలి అతి సన్నగా లోపలికి, గ్యాసు అతి సన్నగా బయటికి వెళ్తూనే ఉంటాయి. బంగినపల్లిని గడ్డిలో ముగ్గబెట్టి, తినే రోజుకి చేతిలో పెట్టినట్టన్నమాట. మీ చేతికి వచ్చిన మామూలు బ్రూట్ అప్పటికే తినే రోజుకి సిద్ధమైన పండు. చల్లగా, చీకట్లో ఉంచితే కొన్నాక 3, 4 ఏళ్ళు నిక్షేపంగా ఉంటుంది. వింటేజ్ అయితే 5 నుంచి 10. మీది అటక మీద దశాబ్దం దాటింది. బావగారు ఇంకా దాచమంటున్నారు కదా, ఆ మాట మాత్రం వినకండి.

మల్లేపల్లి_మల్లన్న
అటక మీద వెట్టినవా అన్నా? ఎండకాలంల స్లాబ్ కింద చెయ్యి వెట్టి చూడు, ఎంత ఉడుకుతదో ఎర్కైతది. బయట 42 ఉంటే అటక మీద అంతకన్నా ఎక్కువే ఉంటది. పైన మీదే ఆఖరి అంతస్తా?

సీతాఫల్‌మండి_శ్రీధర్
అవును మల్లన్నా, మాదే పై అంతస్తు. కూల్ పెయింట్ ఈమధ్యనే వేయించాం.

మల్లేపల్లి_మల్లన్న
గంతే మరి. పదేండ్లు కాదు, పది ఎండకాలాలు లెక్కవెట్టుకో.

తార్నాక_కెమిస్ట్రీ
మల్లన్న గారు అసలు విషయం పట్టుకున్నారు. ముందు ఆరోగ్యం సంగతి తేల్చేద్దాం, ఇంట్లో భయపడుతున్నారు కాబట్టి.

సీలు చెదరని సీసాలో పాతబడిన షాంపేన్ విషం కాదు. 12 శాతం ఆల్కహాల్, గట్టి పులుపు, లోపల నిండా కార్బన్ డయాక్సైడ్. మనిషికి రోగం తెచ్చే క్రిములు ఆ పరిస్థితిలో బతకవు. వెనిగర్‌గా మారాలన్నా దాన్ని చేసే బ్యాక్టీరియాకి బోలెడు గాలి కావాలి, బిగించిన సీసాలో అది దొరకదు. కాబట్టి జరిగేది రెండే: గ్యాసు తగ్గడం, ఆక్సీకరణం. రంగు ముదిరి, పండ్ల వాసన పోయి, అక్రోటు కాయల వాసన, ఎండుద్రాక్ష వాసన వస్తాయి. అది రుచి సమస్య, ఆసుపత్రి సమస్య కాదు. మీ ఆవిడగారికి నా తరఫున ధైర్యం చెప్పండి.

ఇక వేడి. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు రమారమి రెట్టింపవుతుందని క్లాసులో చెప్తాం. ఉజ్జాయింపే, కానీ ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. షాంపేన్ నేలమాళిగల్లో 10, 12 డిగ్రీలు ఉంటుంది. మన అటక మీద ఏడాదిలో ఎక్కువ భాగం 30 పైన. అంటే 20 డిగ్రీల తేడా, నాలుగింతల వేగం. ఇంకా ఒక సంగతి: పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంటే లోపలి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ కార్కును సతాయిస్తుంది. అందుకే "షాంపేన్ ఎన్నేళ్ళు ఉంటుంది" అనే ప్రశ్నకి ఫ్రాన్స్‌లో రాసిన జవాబు తెచ్చి హైదరాబాద్‌లో వాడకూడదు. వాళ్ళు 4 ఏళ్ళంటే అది వాళ్ళ నేలమాళిగ లెక్క.

గోల్డ్‌స్పాట్_గిరి
మేడమ్, మా కాలేజీలో మీరుంటే నాకు కెమిస్ట్రీ బ్యాక్‌లాగ్ ఉండేది కాదు.

గచ్చిబౌలి_గగన్
అందరూ ఏకంగా తీర్పు ఇచ్చేస్తున్నారు, నాకు నచ్చలేదు. పాత షాంపేన్ అనేది ఒక ప్రత్యేకమైన ఆనందం. నేను 2008 వింటేజ్ సీసాలు కొన్ని దాచుకున్నాను. ఆ ఏడు షాంపేన్ ప్రాంతంలో చాలా గొప్ప పంట, పులుపు బాగా నిలిచిన ఏడు. క్రితం దీపావళికి ఒకటి తీశాం. తేనె, వేయించిన బాదం, నారింజ తొక్క వాసన. బుడగలు సన్నగా, మెత్తగా. కొత్త షాంపేన్‌లో నాలుక మీద గుచ్చే ఆ దూకుడు లేదు. తాగినవాళ్ళు ఒక్కసారి మౌనమైపోయారు. ఇంగ్లండులో ఇలా ముదిరిన షాంపేన్ అంటే చెవి కోసుకునేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. మామూలు బ్రూట్ కూడా కొందరు కావాలనే ఒకటి రెండేళ్ళు దాచి తాగుతారు. "కొనగానే తాగెయ్యాలి" అని సూత్రంలా చెప్పకండి.

బార్‌వెనక_భాను
గగన్ గారూ, ఒక్క మాట అడుగుతాను. ఆ సీసాలు ఎక్కడ పెట్టారు?

గచ్చిబౌలి_గగన్
వైన్ ఫ్రిజ్‌లో. 12 డిగ్రీలు. ఇన్వర్టర్ కూడా దానికి ఉంది.

బార్‌వెనక_భాను
అదే నేను అంటున్నది. మీకూ నాకూ గొడవ లేదు. వింటేజ్, చల్లదనం, చీకటి మూడూ ఉన్నచోట కొన్నాక పదేళ్ళ దాకా హాయిగా దాచుకోవచ్చు. ఆ మూడిట్లో చీకటి తప్ప ఏదీ లేని సీసా గురించి శ్రీధర్ గారు అడుగుతున్నారు.

గచ్చిబౌలి_గగన్
ఒప్పుకుంటాను. కానీ తీసి చూడకుండా పారేయమనడం మాత్రం నాకు మనసొప్పదు.

బార్‌వెనక_భాను
పారేయమని ఇక్కడ ఎవరన్నారు? పైకి వెళ్ళి చదవండి, ఆ మాట అన్నది శ్రీధర్ గారి ఆవిడ ఒక్కరే.

నిద్రలేని_నాని
సముద్రంలో మునిగిపోయిన ఓడలో వందేళ్ళ షాంపేన్ దొరికిందని, తాగారని ఎక్కడో చదివాను. అది బాగుంటే శ్రీధరన్నది ఎందుకు బాగుండదు?

తార్నాక_కెమిస్ట్రీ
మంచి ఉదాహరణ తెచ్చావు నానీ, నా పాఠానికే ఉపయోగపడుతుంది. 2010లో ఫిన్లాండ్‌కి చెందిన ఓలాండ్ దీవుల దగ్గర, బాల్టిక్ సముద్రంలో దాదాపు 50 మీటర్ల లోతున మునిగిన ఓడలో 168 సీసాలు దొరికాయి. వవ్ క్లికో, హైడ్సీక్, జుగ్లార్ కంపెనీలవి. సుమారు 170 ఏళ్ళ నాటివి. ఆ నీటిలో చల్లదనం 2 నుంచి 4 డిగ్రీలు, వెలుతురు చొరదు. 2015లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు వాటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 140 గ్రాములకు పైగా చక్కెర ఉందట! ఇప్పటి బ్రూట్‌లో 12 గ్రాముల లోపే. అప్పట్లో జనం అంత తీపి తాగేవాళ్ళు. తీయగానే తడిసిన జుట్టు, జున్ను లాంటి వాసన వచ్చిందనీ, గ్లాసులో కాసేపు తిప్పాక పొగ, మసాలా, తోలు వాసనలు తేలాయనీ రుచి చూసినవాళ్ళు రాశారు. వాటిల్లో ఒక వవ్ క్లికో సీసా 2011 వేలంలో 30,000 యూరోలకు పోయింది.

ఇప్పుడు చెప్పు, 170 ఏళ్ళు దాన్ని నిలబెట్టింది ఏమిటి? చలి, చీకటి. మన అటకలో ఆ రెంటిలో ఒక్క చీకటే ఉంది.

గోల్డ్‌స్పాట్_గిరి
తడిసిన జుట్టు వాసనకి 30,000 యూరోలా. నమస్కారం.

గచ్చిబౌలి_గగన్
గిరిగారూ, అది చరిత్రకి ఇచ్చిన డబ్బు. ఆ సంగతి చూసే వవ్ క్లికో కంపెనీ 2014లో మళ్ళీ అదే బాల్టిక్‌లో కొత్త సీసాలు దింపింది, సముద్రంలో ఎలా ముదురుతుందో చూద్దామని.

ఏఎస్‌రావునగర్_అంకుల్
నాకొక సందేహం. మా అబ్బాయి తెచ్చిన సీసా షోకేసులో నిలబెట్టి ఉంచాను, చూడ్డానికి బాగుంటుందని. వైన్ పడుకోబెట్టాలంటారు, లేకపోతే కార్కు ఎండిపోతుందంటారు. పడుకోబెట్టాలా?

బార్‌వెనక_భాను
అంకుల్, మామూలు వైన్‌కి అది నిజం. షాంపేన్‌లో పై ఖాళీలో గ్యాసుతో పాటు తేమ కూడా నిండి ఉంటుంది కాబట్టి కార్కు అంత తేలిగ్గా ఎండదు. కొన్ని నెలలు, ఏడాది నిలబెట్టినా ఏం కాదు. ఏళ్ళ తరబడి దాచేవాళ్ళు పడుకోబెడతారు. నన్ను భయపెట్టేది నిలబెట్టడం కాదు, షోకేసు. అందులో లైటు ఉందా?

ఏఎస్‌రావునగర్_అంకుల్
ఉంది. రెండు ఎల్‌ఈడీలు, సాయంత్రం పూట వేస్తాం. సీసా తెల్లగాజుది, గులాబీ రంగు వైన్.

తార్నాక_కెమిస్ట్రీ
అంకుల్, ఇవాళే అక్కడి నుంచి తీసేయండి. వెలుతురు షాంపేన్‌కి వేడి కంటే తొందరగా హాని చేస్తుంది. వైన్‌లో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్ అనే విటమిన్ మీద నీలి కాంతి, అతినీల లోహిత కాంతి పడితే గంధకం ఉన్న వాసనలు పుడతాయి. ఉడికిన క్యాబేజీ కంపు. దానికి ఏళ్ళు అక్కర్లేదు, తెల్లగాజు సీసా ఎండలో ఉంటే గంటలు చాలు. ముదురు ఆకుపచ్చ గాజు చాలావరకు ఆపుతుంది. క్రిస్టాల్ అనే ఖరీదైన షాంపేన్ తెల్లగాజులో వస్తుంది కదా, అందుకే దానికి పసుపుపచ్చ సెలోఫేన్ కాగితం చుట్టి అమ్ముతారు. ఆ కాగితం అలంకారం కాదు.

వంటింటి_వాణి
ఇది నాకు కొత్త సంగతి. మా వీధి వైన్ షాపులో షాంపేన్ సీసాలన్నీ కౌంటరు వెనక ట్యూబ్‌లైట్ కిందే ఉంటాయి. ఏసీ కూడా లేదు. ఎవరూ కొనక అలాగే ఉండిపోతాయి. ఒకసారి పుట్టినరోజుకి అక్కడ కొంటే చప్పగా, ఉడికిన కూర వాసన. పిల్లలు బాటిల్ బాలేదన్నారు, నేను షాంపేనే ఇంతేమో అనుకున్నాను.

బార్‌వెనక_భాను
వాణిగారూ, షాంపేన్ ఇంతే కాదు. మీకు అమ్మింది పాడైన సీసా. మన ఊళ్ళో ఇది ఎక్కువ. రోజుకి వందల బీర్లు పోయే షాపులో షాంపేన్ ఏడాదికి కొన్ని పోతాయి, మిగతావి అరలోనే వేడికి మగ్గుతాయి. కొనేటప్పుడు వెనక అంటించిన స్టిక్కర్ చదవండి. బయటి దేశపు సరుకైతే ఎవరు దిగుమతి చేశారు, ఏ నెల, ఏ సంవత్సరం అన్నది దాని మీద ఉంటుంది. ఏడాది లోపలిదైతే తీసుకోండి. ఏసీ ఉండి, సరుకు తిరిగే పెద్ద షాపులో కొనండి. అరలో ముందున్నది కాదు, అట్టపెట్టెలో ఉన్నది తీసివ్వమనండి. మొహమాటపడకండి, వేలకు వేలు పెడుతున్నారు.

మల్లేపల్లి_మల్లన్న
శ్రీధరన్నా, ఫంక్షన్ ముంగట మూత తియ్యకుండనే కొంచెం అంచనా వెయ్యరాదా?

బార్‌వెనక_భాను
వేయొచ్చు. చీకటి గదిలో సీసా వెనక ఫోన్ టార్చి పెట్టి చూడండి. వైన్ మెడలో ఎంత ఎత్తున ఉందో చూడండి. కార్కు కింద రెండు మూడు వేళ్ళ కంటే ఎక్కువ ఖాళీ ఉంటే కారిందన్నమాట. రేకు కింద జిగురు, ఎండిన మరక ఉన్నా అంతే. రంగు ఆకుపచ్చ గాజులో సరిగ్గా తెలియదు గానీ, మరీ గోధుమరంగు కొడితే కనిపిస్తుంది.

ఇంకొకటి, పండగ రోజున దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. పక్కన కొత్త సీసా ఒకటి చల్లబెట్టి ఉంచండి. షాంపేనే కానక్కర్లేదు. నాసిక్ నుంచి వచ్చే సులా బ్రూట్, చాందన్ కూడా సీసాలోనే రెండోసారి పులియబెట్టే పద్ధతిలోనే చేస్తారు, ధర బాగా తక్కువ.

సీతాఫల్‌మండి_శ్రీధర్
చూశాను. ఖాళీ రెండు వేళ్ళ పైచిలుకు ఉంది, మరకలు లేవు. ఇప్పుడు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? ఫంక్షన్‌కి ఇంకా మూడు వారాలుంది. ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులు పెట్టకూడదని ఎక్కడో విన్నాను.

గచ్చిబౌలి_గగన్
పెట్టకండి. ఫ్రిజ్‌లో గాలి పొడిగా ఉంటుంది, కంప్రెసర్ అదురు, పైగా లోపల ఉల్లిపాయలు, ఇంగువ, చేపల పులుసు. కార్కు వాసన పీల్చుకుంటుంది.

తార్నాక_కెమిస్ట్రీ
గగన్ గారితో విభేదిస్తున్నాను. ఫ్రిజ్ ఏళ్ళకి పనికిరాదు, నిజమే. కానీ వైన్ ఫ్రిజ్ లేని ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో బీరువా కంటే ఫ్రిజ్ కూరగాయల అరే మేలు. 38 డిగ్రీల గదికీ 6 డిగ్రీల ఫ్రిజ్‌కీ మధ్య ఎంచుకోమంటే నేను కళ్ళు మూసుకుని ఫ్రిజ్ అంటాను. మూడు వారాలు, రెండు నెలలు ఏమీ కావు. మందపాటి కాగితం చుట్టి అడుగున పడుకోబెట్టండి. ఫ్రీజర్‌లో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అక్కడ మైనస్ 18. ఈ వైన్ మైనస్ 5, 6 దగ్గరే గడ్డకట్టి వ్యాకోచిస్తుంది. లోపల అంత ఒత్తిడి ఉన్న సీసా పగిలితే కళ్ళకే ప్రమాదం.

గచ్చిబౌలి_గగన్
మూడు వారాలకైతే సరే, ఒప్పుకున్నాను. చేపల పులుసు మాత్రం పై అరలో పెట్టండి.

సీతాఫల్‌మండి_శ్రీధర్
నిన్న తీశాం. అందరూ సాయం చేశారు కాబట్టి పూర్తిగా రాస్తున్నాను.

భానుగారు చెప్పినట్టు కొత్తగా కొన్న నాసిక్ సీసా కూడా పక్కనే పెట్టాను. బావగారే తీశారు. తీగ విప్పి, కార్కు పట్టుకుని సీసాను తిప్పారు. "టప్" అనలేదు, సన్నగా ఉస్సుమంది. కార్కు కింది భాగం తిన్నగా, మేకులా ఉంది. కొత్త సీసా కార్కు తీయగానే పుట్టగొడుగులా విచ్చుకుంది, పక్కపక్కన పెడితే తేడా బాగా తెలిసింది. రంగు చిక్కటి తేనె రంగు. బుడగలు గ్లాసు మధ్యలో నుంచి ఒక సన్నటి దారంలా వచ్చి కాసేపటికి ఆగిపోయాయి.

రుచి సంగతికొస్తే, మొదట ఎండు ఖర్జూరం, అక్రోటు. మింగాక చేదు. పులుపు ఉంది గానీ దానికి తోడు ఏమీ లేదు, విడిగా నిలబడినట్టుంది. బావగారు ఇష్టంగా గ్లాసు పూర్తిచేశారు, ఇంకో అరగ్లాసు పోసుకున్నారు. అక్క ఒక గుక్క తాగి కొత్తదానికి మారింది. మా ఆవిడ వాసన చూసి "ఇది బాగానే ఉంది కదా, దగ్గు టానిక్‌లా లేదు" అంది. ఇవాళ పొద్దున అందరం క్షేమం.

తార్నాక_కెమిస్ట్రీ
చాలా చక్కగా రాశారు. ఆ తిన్నని కార్కు పాతదనానికి గట్టి గుర్తు. కార్కు ఏళ్ళ తరబడి మెడలో నొక్కుకుని ఉంటే సాగే గుణం పోతుంది, బయటికి వచ్చాక విచ్చుకోదు. పట్టు తగ్గిన కొద్దీ గ్యాసు కూడా ఎక్కువగా జారిపోతుంది. కార్కూ బుడగలూ ఒకే కథ చెప్పాయి.

బార్‌వెనక_భాను
అదే సీసాని తెచ్చిన ఏడాది లోపే తాగి ఉంటే పాతికేళ్ళ పెళ్ళిరోజు కాకపోయినా ఏదో ఒక మామూలు ఆదివారం అద్భుతంగా ఉండేది. మన ఇళ్ళల్లో నేను చూసి బాధపడేది ఇదే. ఖరీదైనది కాబట్టి పెద్ద సందర్భం రావాలని దాస్తారు. ఆ సందర్భం వచ్చేసరికి సీసాలో ఏమీ మిగలదు. చల్లటి చోటు లేని ఇంట్లో మామూలు బ్రూట్ ఒక ఎండాకాలం దాటకూడదు. నా లెక్క అంతే. ఇటలీ బుడగల వైన్ ప్రొసెక్కో అయితే ఇంకా తొందర. అది సీసాలో కాదు, పెద్ద ట్యాంకులో పులుస్తుంది. తాజా పండ్ల వాసన ఒక్కటే దాని బలం.

గచ్చిబౌలి_గగన్
ఈసారి భానుగారి మాటకి పూర్తిగా ఓటేస్తున్నా. దాచుకునేవి దాచుకోవడానికే కొనాలి.

వంటింటి_వాణి
మిగిలిందా శ్రీధర్ గారూ? మిగిలితే పారబోయకండి. బుడగలు పోయిన షాంపేన్ వంటకి బంగారం. చిన్న ఉల్లిపాయలు వెన్నలో వేయించి, ఒక కప్పు పోసి సగానికి ఇగరనివ్వండి. తర్వాత మీగడ వేసి రొయ్యల మీద పోస్తే చాలు. పులుపు బాగా ఉందన్నారు కాబట్టి నిమ్మకాయ అక్కర్లేదు. చేదు ఎక్కువుంటే మాత్రం వంటకీ వద్దు, ఇగిరితే ఇంకా పెరుగుతుంది.

నిద్రలేని_నాని
కొత్త సీసా మిగిలితే మూతిలో స్టీలు చెంచా వేలాడదీస్తే గ్యాసు పోదంటారు, నిజమేనా?

తార్నాక_కెమిస్ట్రీ
చెంచా ఏమీ చేయదు. గ్యాసుని పట్టి ఉంచేది చల్లదనం. చల్లటి ద్రవంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కరిగి ఉంటుంది, అందుకే చెంచా ఉన్నా లేకపోయినా ఫ్రిజ్‌లో పెట్టినది మర్నాడు కూడా కాస్త బుసబుసలాడుతుంది.

బార్‌వెనక_భాను
మూతిని గట్టిగా పట్టేసే షాంపేన్ మూతలు దొరుకుతాయి, రెండు రెక్కలుంటాయి. అది వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు, మహా అయితే మూడు. కార్కుని మళ్ళీ దూర్చాలని చూడకండి, దూరదు.

మియాపూర్_మాధవి
ఇదంతా చదివాక నాకు దిగులు పట్టుకుంది. మా పాప 2022లో పుట్టింది. శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో మావారు రెండు సీసాలు తెచ్చారు, మనిషికి 2 లీటర్ల దాకా అనుమతి కదా. పాప 18వ పుట్టినరోజుకి తీద్దామని బట్టల బీరువాలో పెట్టాం. రెండూ సంవత్సరం లేని బ్రూట్‌లే.

నిద్రలేని_నాని
అక్కా, తెలంగాణలో 21 నిండాలి. ఇంకో మూడేళ్ళు కలుపుకో.

మియాపూర్_మాధవి
అయ్యో, అదీ ఉందా. అయితే 2043!

గచ్చిబౌలి_గగన్
మాధవిగారూ, ఆ రెండూ ఈ చలికాలంలోనే తాగేయండి, ఇంకా బాగానే ఉండొచ్చు. పాప కోసం దాచాలంటే వేరే కొనాలి. 2022 వింటేజ్ సీసాలు ఇప్పుడిప్పుడే బయటికి వస్తాయి, మంచి కంపెనీలవి ఇంకా ఆలస్యంగా విడుదలవుతాయి. కాబట్టి తొందరేం లేదు. వీలైతే మ్యాగ్నమ్ కొనండి, ఒకటిన్నర లీటరు సీసా. మూతి గుండా వచ్చే గాలి కొంచెమే ఎక్కువ, వైన్ మాత్రం రెట్టింపు. అందుకని నిదానంగా ముదురుతుంది. సగం సైజు చిన్న సీసాలు దీనికి తలకిందులు, అవి దాచడానికి అసలు పనికిరావు.

బార్‌వెనక_భాను
దానితో పాటు మడ్డి ఎప్పుడు తీశారో తేదీ వేసిన సీసా వెతకండి. కొన్ని కంపెనీలు వెనక లేబుల్ మీద ముద్రిస్తాయి. బోలాంజే కంపెనీ ఆర్డీ అనే షాంపేన్ మీద ఉంటుంది. క్రూగ్ కంపెనీ సీసా వెనక ఉన్న అంకెలు వాళ్ళ వెబ్‌సైట్‌లో కొడితే ఆ సీసా కథంతా వస్తుంది. మీ ఇంట్లో దాచే లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. ఇంకా మంచి దారి ఏమిటంటే, ఇప్పుడు కొని మియాపూర్‌లో ఇరవై ఏళ్ళు కాపలా కాసే బదులు, ఆ డబ్బు పాప పేరు మీద వేసి 2043లో కంపెనీ నేలమాళిగ నుంచి అప్పుడే వచ్చిన 2022 సీసా కొనడం. కొన్ని కంపెనీలు పాత ఏళ్ళవి అలా ఆలస్యంగా మడ్డి తీసి అమ్ముతాయి. అక్కడ అది మడ్డి మీద, 10 డిగ్రీల్లో ఉండి వస్తుంది. మీ బీరువా ఆ పని చేయలేదు.

మియాపూర్_మాధవి
ఇది మావారికి వెంటనే పంపించా. ఒకటి ఈ సంక్రాంతికి తీస్తున్నాం. చల్లబెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

బార్‌వెనక_భాను
ఫ్రిజ్‌లో అయితే నాలుగు గంటలు. తొందరైతే బకెట్టులో సగం ఐసు, సగం నీళ్ళు పోసి మెడ దాకా ముంచండి, అరగంటలో 8, 10 డిగ్రీలకి వస్తుంది. ఉత్త ఐసు వేయకండి, నీళ్ళుంటేనే సీసా చుట్టూ చలి అంటుకుంటుంది. తీసేటప్పుడు బొటనవేలు కార్కు మీది నుంచి తీయొద్దు, సీసా మూతి పిల్లల వైపు పెట్టొద్దు.